వెలుతురున్న ఇల్లు అంటే ఏ వెలుతురు? ఎండ, నీడ, అద్దాల గోడల లెక్క

ఫ్లాటు చూడటానికి వెళ్లినా, ఇంటికి ప్లాన్ గీయించుకుంటున్నా మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్నల్లో "వెలుతురు బాగా వస్తుందా?" అనేది తప్పకుండా ఉంటుంది. బిల్డర్ కూడా తడుముకోకుండా "ఫుల్ లైటింగ్ సార్" అంటాడు. తీరా గృహప్రవేశం అయ్యాక చూస్తే, గోడంతా అద్దం ఉన్న పన్నెండో అంతస్తు హాల్లో మధ్యాహ్నం మూడింటికి కర్టెన్లన్నీ లాగేసి, ఏసీ వేసి, ఆపైన లైటు కూడా వేసుకుని కూర్చుంటారు. అదే కోనసీమలో పాత పెంకుటిల్లు చూడండి, గదికి ఒక చిన్న కిటికీ, దాని ముందు వసారా, అయినా పగటిపూట లైటు వేయాలని ఎవరికీ తోచదు. కొలత పెట్టి చూస్తే వెలుతురు ఎక్కువున్నది ఫ్లాటులోనే. హాయిగా ఉన్నది మాత్రం పెంకుటింట్లో.

ఈ తేడా ఎక్కడ పుడుతోందో చెప్పుకోవడానికే ఈ వ్యాసం. నాకు అర్థమైనంతలో, ఒక గది మనకు ఎలా అనిపిస్తుందో తేల్చేది వెలుతురు మోతాదు ఒక్కటే కాదు. అది ఎటునుంచి వస్తోంది, దేన్ని తాకి వస్తోంది, దాని పక్కన చీకటి ఎంతుంది అన్నవి అంతకంటే ఎక్కువ పని చేస్తాయి. మన ఎండల్లో ఇంకో మెలిక కూడా ఉంది, వెలుతురుతో పాటు వేడి ఉచితంగా వస్తుంది.

లక్స్ ఎంతో మీటరు చెబుతుంది, కన్ను చెప్పదు

ఒక ఉపరితలం మీద ఎంత వెలుతురు పడుతోందో కొలిచే యూనిట్ లక్స్. ఒక కొవ్వొత్తికి మీటరు దూరంలో అట్ట పట్టుకుంటే దాని మీద పడేది ఇంచుమించు ఒక లక్స్. మిట్టమధ్యాహ్నం ఎండలో లక్ష లక్స్ దాకా ఉంటుంది, మబ్బు పట్టిన పగలు పది వేల ప్రాంతంలో, ఆఫీసు బల్ల మీద 300 నుంచి 500, రాత్రిపూట మన హాల్లో వంద అటూ ఇటూ. నిండు పున్నమి వెన్నెల లక్స్‌లో పావు వంతు కూడా ఉండదు. అంటే వెన్నెలకీ ఎండకీ మధ్య నాలుగు లక్షల రెట్లకు పైగా తేడా, ఆ రెండింట్లోనూ మనం దారి చూసుకుని నడవగలం. ఇంత తేడాను తట్టుకోవడానికి కన్ను ఎప్పటికప్పుడు సర్దుకుంటుంది, అందుకే అసలు కొలత ఎంతో దానికి తెలియదు, పక్కదానితో పోలిస్తే ఎక్కువా తక్కువా అన్నదే తెలుస్తుంది. మ్యాట్నీ ముగిశాక థియేటర్ తలుపు తోసుకుని బయటికి వచ్చినవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 200 లక్స్ ఉన్న అదే వరండా, ఎండలోంచి వచ్చినవాడికి చీకటి, హాల్లోంచి వచ్చినవాడికి వెలుగు.

ఇప్పుడు ఒక గది తీసుకుందాం. పది బై పన్నెండు బెడ్‌రూమ్, ఒక్క గోడకే కిటికీ. కిటికీ దగ్గర 2,000 లక్స్, ఎదురు మూలలో 60 లక్స్ ఉన్నాయనుకోండి. 60 లక్స్‌లో బట్టలు మడతపెట్టుకోవచ్చు, మాట్లాడుకోవచ్చు, అదేమీ చీకటి కాదు. కానీ కిటికీ చూసిన కంటికి ఆ మూల దిగులుగా కనిపిస్తుంది. సరే కిటికీ రెట్టింపు చేద్దాం అంటే కిటికీ దగ్గర 4,000 అవుతుంది, మూలలో 120 అవుతుంది, నిష్పత్తి మారదు కాబట్టి మూల మళ్లీ దిగులుగానే ఉంటుంది. అదే కిటికీని అలాగే ఉంచి పక్క గోడకి ఇంకో చిన్నది పెడితే మూల తేరుకుంటుంది. మనుషుల ముఖాలు కూడా ఒక పక్క నల్లగా లేకుండా కనిపిస్తాయి. పాత మేస్త్రీలు గదికి రెండు దిక్కుల కిటికీలు ఉండాలని పట్టుబట్టింది గాలి కోసమే కావచ్చు, ఈ లాభం దానితో పాటే వచ్చింది.

గ్లేర్ అనే మాట కూడా ఇక్కడే తేల్చుకుందాం. చూపు పడే మేరలో ఒకచోట మిగతావాటికంటే మరీ ఎక్కువ వెలుగు ఉండి కళ్లు చికిలించాల్సి రావడం గ్లేర్. నల్లటి గోడ మధ్యలో చిన్న కిటికీ పెడితే, లక్స్ తక్కువే అయినా, గ్లేర్ వస్తుంది. తెల్ల గోడలో పెద్ద కిటికీకి ఒక్కోసారి రాదు.

ఎండ వేరు, ఆకాశం ఇచ్చే వెలుతురు వేరు

నల్గొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, కుందూరు చోడుల కాలం నాటిది. గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద స్తంభం ఆకారంలో ఒక నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉన్నచోటే ఉంటుంది. సూర్యుడు కదులుతుంటే నీడ కదలకపోవడం ఏమిటని చూడ్డానికి వచ్చేవాళ్లు తలలు పట్టుకుంటారు, మహిమ అనేవాళ్లూ ఉన్నారు, రహస్య పరికరం అనేవాళ్లూ ఉన్నారు.

నీడ రెండు రకాలు అని తెలిస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. నేరుగా పడే ఎండ ఒకే దిక్కు నుంచి వస్తుంది, దాని నీడ పదునుగా ఉంటుంది, సూర్యుడితో పాటు తిరుగుతుంది. మబ్బులోంచో, నీలాకాశం నుంచో, ఎదుటి గోడ మీద పడి తిరిగొచ్చో వచ్చే వెలుతురు చెదిరిన వెలుతురు. అది గదిలోకి ఏ తెరిపి గుండా వస్తే ఆ తెరిపే దానికి దీపం. తెరిపి కదలదు కదా, అందుకని నీడా కదలదు, అంచులు మాత్రం మెత్తగా ఉంటాయి. పానగల్లు గర్భగుడిలోకి ఎండ నేరుగా చొరబడదు, ముందున్న మండపం తెరిపిల గుండా చెదిరిన వెలుతురు స్తంభాలకు అటూ ఇటూగా లోపలికి చేరుతుంది, స్తంభాలు అడ్డుపడిన మేర నీడగా మిగులుతుంది. ఏ స్తంభం ఎక్కడ ఉంటే ఇలా ఒకే పట్టీగా కలుస్తుందో ఊహించి కట్టారంటే ఆ శిల్పుల లెక్కకు దండం పెట్టాల్సిందే, ఆ మెచ్చుకోలుకి మహిమ అవసరం లేదు. నమ్మకం కుదరకపోతే ఎండ పడని కిటికీ దగ్గర బల్ల మీద ఒక గ్లాసు పెట్టి గంట గంటకీ చూడండి. నీడ ముదురుతుంది, పలచబడుతుంది గానీ పక్కకు జరగదు.

ఆర్కిటెక్టులు "నార్త్ లైట్" అని మురిసిపోయేది ఈ చెదిరిన వెలుతురు గురించే. యూరప్‌లో ఉత్తరం కిటికీలోంచి ఎండ దాదాపు రాదు, అందుకే చిత్రకారుల స్టూడియోలకి ఉత్తరం కిటికీలు పెట్టేవాళ్లు. ఈ సూత్రాన్ని ఉన్నదున్నట్టు మన దగ్గరికి తెచ్చుకుంటే కొంచెం బోర్లాపడతాం. హైదరాబాద్‌లో ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన వస్తాడు, పేపర్లలో "జీరో షాడో డే" అని వేసేది అదే. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం పక్కన ఉంటాడు. ఉత్తరం కిటికీ చల్లగా ఉంటుందన్న మాట మిగతా తొమ్మిది నెలలకి నిజం, ఎండలు మండే మే నెలాఖరుకి అంత నిజం కాదు.

సూర్యుడు క్యాలెండర్ తప్పడు

ఎండ నేరుగా పడటాన్ని కూడా గుడులు వాడుకున్నాయి. శ్రీకాకుళం దగ్గర అరసవల్లిలో ఏటా మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబరు 1, 2 తేదీల్లోనూ ఉదయపు కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి, మబ్బు లేకపోతే. ఈ రెండు తేదీలకీ సంబంధం ఏమిటి? సూర్యుడు ఏడాది పొడవునా తూర్పు దిక్కున ఒకేచోట ఉదయించడు, డిసెంబరు 21 ప్రాంతంలో దక్షిణానికి బాగా జరిగి, జూన్ నాటికి ఉత్తరానికి జరుగుతాడు. ఆ పోకలో ఒకసారి, రాకలో ఒకసారి ప్రతి బిందువునీ దాటాలి. లెక్కపెట్టి చూడండి, డిసెంబరు 21కి అక్టోబరు 2 సుమారు 80 రోజుల ముందు, మార్చి 10 సుమారు 79 రోజుల తర్వాత. ద్వారాల వరస ఏ దిక్కుకి గురిపెట్టి ఉంటే ఆ దిక్కు నుంచి వచ్చే ఎండ ఏడాదికి రెండుసార్లు లోపలికి దూరుతుంది.

ఇదే లెక్కతో మన ఇంటి సన్‌షేడ్ పని చేస్తుందో లేదో తేల్చుకోవచ్చు. దక్షిణం వైపు నాలుగడుగుల ఎత్తు కిటికీ, దాని నెత్తినే రెండడుగుల సన్‌షేడ్ ఉందనుకోండి. హైదరాబాద్‌లో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, సన్‌షేడ్ నీడ కిటికీ మీద 2 అడుగుల 4 అంగుళాల కిందికి దిగుతుంది, మిగిలిన అడుగున్నర పైచిలుకు అద్దం గుండా చలికాలపు ఎండ లోపలికి వస్తుంది. మార్చి, సెప్టెంబరు నెలల్లో 73 డిగ్రీలు, నీడ ఆరడుగులు దాటుతుంది, కిటికీ మొత్తం కప్పేసినట్టే. చలికాలంలో కావలసిన ఎండ వచ్చింది, అక్కర్లేనప్పుడు ఆగింది, రెండడుగుల స్లాబు ముక్కకి ఇంతకంటే ఏం కావాలి.

ఇప్పుడు అదే సన్‌షేడ్‌ని పడమటి కిటికీకి పెడదాం. మే నెల సాయంత్రం అయిదింటికి సూర్యుడి ఎత్తు 22 డిగ్రీలే. రెండడుగుల సన్‌షేడ్ నీడ పది అంగుళాలకి మించదు, నాలుగడుగుల కిటికీలో మూడడుగుల పైన ఎండే. సన్‌షేడ్‌ని నాలుగడుగులు చేసినా సగానికి పైగా ఎండలోనే ఉంటుంది. పడమర దిక్కుకి అడ్డంగా పెట్టే సన్‌షేడ్ కాదు, నిలువు రెక్కలో, జాలీయో, వసారానో, చెట్టో ఉండాలి. అయినా మన ఎలివేషన్లలో నాలుగు వైపులా ఒకే సైజు కిటికీ, ఒకే సైజు సన్‌షేడ్ వేస్తారు, చూడటానికి ఒకేలా ఉంటుందని.

పైనుంచి పడితే గది ఇంకోలా ఉంటుంది

నిలువు కిటికీలోంచి కనిపించేది ఆకాశంలో సగం, అందులోనూ దిగంతానికి దగ్గరి భాగం. మబ్బు పట్టిన రోజున నడినెత్తిన ఉన్న ఆకాశం దిగంతం దగ్గరి ఆకాశం కంటే మూడు రెట్లు కాంతివంతంగా ఉంటుంది. కప్పులో పెట్టిన చిన్న తెరిపి గోడలోని పెద్ద కిటికీతో పోటీపడేది ఇందుకే.

దీనికి అందరూ చూపించే ఉదాహరణ రోమ్‌లోని పాంథియన్, హాడ్రియన్ చక్రవర్తి కాలంలో సుమారు క్రీ.శ. 126 నాటికి పూర్తయిన గుడి. గుమ్మటం వ్యాసం 43 మీటర్ల పైన, దాని నడినెత్తిన తొమ్మిది మీటర్లకు కాస్త తక్కువ వ్యాసంతో ఒక గుండ్రటి రంధ్రం, దానికి అద్దం లేదు, వాన పడితే లోపల తడుస్తుంది, నీళ్లు పోవడానికి నేలలో కన్నాలు ఉన్నాయి. రంధ్రం వైశాల్యం నేల వైశాల్యంలో ఇంచుమించు పాతికో వంతు. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ పొడి వేడి ప్రాంతాల్లో మామూలు గదికే నేలలో పదో వంతు, తేమ వేడి ప్రాంతాల్లో ఆరో వంతు కిటికీలు అడుగుతుంది, అంటే 120 చదరపు అడుగుల బెడ్‌రూమ్‌కి 12 నుంచి 20 చదరపు అడుగులు. ఆ లెక్కన పాంథియన్ పాస్ కాదు. అయినా తలుపు దాటి లోపలికి వెళ్లినవాళ్లు చీకటి గురించి మాట్లాడరు, ఆ వెలుగు ముద్ద గురించి మాట్లాడతారు. రోమ్‌లో సూర్యుడు ఎప్పుడూ నడినెత్తికి రాడు కాబట్టి ఆ ముద్ద చలికాలపు మధ్యాహ్నం గుమ్మటం లోపలి వంపు మీదే ఉండిపోతుంది, వేసవిలో నేల మీదికి దిగుతుంది. ఇదే కట్టడం హైదరాబాద్‌లో ఉంటే మే నెలలో ఎండ నిలువునా నేల మధ్యలో పడి రాయి కాలిపోయేది.

మన మండువా లోగిలి ఆ చిక్కును చక్కగా దాటుకుంది. నడిమధ్య ఆకాశానికి తెరిచిన మండువా, నాలుగు వైపుల నుంచి దాంట్లోకి వాలే పెంకుల చూరులు, చుట్టూ వసారా, ఆ వెనక గదులు. ఎండ మండువా నేలని దాటి రాదు, చూరు ఆపుతుంది. నేల మీద పడి పైకి లేచిన వెలుతురు వసారా కప్పుని తాకి, అక్కడి నుంచి గదుల్లోకి జారుతుంది. మండువాలో వేలల్లో ఉండే లక్స్ వసారాలో వందల్లోకి, గదిలో పదుల్లోకి దిగుతుంది, మెట్టు మెట్టుగా. ఆ మెట్లే కంటికి హాయి. బియ్యం ఏరడానికి మండువా అంచు, కబుర్లకి వసారా, మధ్యాహ్నం కునుక్కి గది, ఏ పనికి ఎంత వెలుతురు కావాలో అక్కడికి మనిషే జరుగుతాడు. వాన నీళ్లు, దోమలు, కోతులు, వేరుపడ్డ అన్నదమ్ములు, ఇంకా స్థలం ధర, వీటి వల్ల ఆ ఇళ్లు పోయాయి, అందులో ఎవరినీ తప్పుపట్టలేం. కానీ ఇప్పుడు విల్లాల్లో డబుల్ హైట్ హాలు మీద గాజు స్కైలైట్ వేసి "మండువా కాన్సెప్ట్" అంటుంటే మాత్రం నవ్వొస్తుంది. చూరూ లేదు, వసారా లేదు, వేడి బయటికి పోయే దారీ లేదు.

స్కైలైట్‌ని అంత ఎండలోనూ పని చేయించిన కట్టడం చూడాలంటే టెక్సాస్‌లోని కింబెల్ ఆర్ట్ మ్యూజియం ఉంది, ఆర్కిటెక్టు లూయీ కాన్ కట్టింది, 1972లో తెరిచారు. కాంక్రీటు కమాను కప్పు శిఖరం పొడవునా సన్నటి చీలిక, దాని కింద సన్నటి రంధ్రాలున్న అల్యూమినియం రెక్కలు. ఎండ బొమ్మల మీద పడదు, రెక్కల మీద పడి వెనక్కి కమాను మీదికి వెళుతుంది, బూడిద రంగు కాంక్రీటు వెండిలా కనిపిస్తుంది.

చీకటిని కావాలని కట్టడం

గుడిలో గర్భగుడికి కిటికీ ఉండదు. ప్రాకారం దగ్గర లక్ష లక్స్, మండపంలో కొన్ని వందలు, అంతరాళంలో ఇంకా తక్కువ, మూలవిరాట్టు దగ్గర నూనె దీపం. కన్ను చీకటికి అలవాటు పడటానికి టైమ్ పడుతుంది, రంగులు చూసే కణాలకి పది నిమిషాల దాకా, మసక వెలుతురులో పనిచేసే కణాలకి అరగంట పైన. ప్రదక్షిణం చేసి, మండపంలో కాసేపు నిలబడి ముందుకు కదిలేవాడికి ఆ టైమ్ కొంత దొరుకుతుంది. అప్పుడు పూజారి హారతి ఎత్తితే, కింద నుంచి, పక్క నుంచి కదులుతూ వచ్చే ఆ వెలుగులో విగ్రహం ముఖం మీది ప్రతి గీతకీ నీడ పుట్టి మారుతుంటుంది. అదే విగ్రహానికి ఎదురుగా ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్ పెడితే నీడలు చచ్చిపోతాయి, శిల్పం బొమ్మలా చదునుగా కనిపిస్తుంది. వేల మంది క్యూలో కదిలే గుళ్లలో మసక చీకటి ప్రమాదం కాబట్టి లైట్లు పెట్టేవాళ్ల వాదనా కొట్టిపారేసేది కాదు. లైటు పెట్టాలా వద్దా అన్నదానికంటే, క్యూ మీద పెట్టాల్సింది దేవుడి ముఖం మీద ఎందుకు పెట్టాలి అన్న ప్రశ్నకి నాకైతే జవాబు దొరకలేదు.

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడిలో ఇంకో సంగతి చూడొచ్చు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించింది, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. బయటి గోడలు ఎర్రటి ఇసుకరాయి, అది వెలుతురును చెదరగొడుతుంది. లోపలి రంగమండపం స్తంభాలు నున్నగా తీర్చిన నల్లరాయి. నల్లరాయి వెలుతురులో చాలా భాగం మింగేస్తుంది, కానీ మెరుగు పెట్టడం వల్ల ద్వారాల వెలుగు దాని మీద మెరుపు గీతలుగా నిలుస్తుంది, మనం జరిగితే అవీ జరుగుతాయి. చీకటిగా ఉందని ఎవరూ అనని చీకటి అది.

జపాన్‌లో ఒసాకా దగ్గర ఇబరాకిలో ఆర్కిటెక్టు తడావో ఆండో 1989లో కట్టిన చిన్న చర్చిలో ఈ పద్ధతి చివరంటా వెళ్లింది. కాంక్రీటు పెట్టె లాంటి గది, ఎదుటి గోడలో శిలువ ఆకారంలో చీలిక, ఆ చీలికే వెలుగు. దానికి అద్దం కూడా వద్దని ఆండో కోరిక, చలికి అద్దం బిగించక తప్పలేదు. ఫొటోల్లో అద్భుతం. బైబిల్ చదువుకోవడానికి ఆ వెలుతురు చాలుతుందా అన్నది ఫొటో చెప్పదు, ఇలాంటి కట్టడాల గురించి మాట్లాడేటప్పుడు మనం మర్చిపోయేది కూడా అదే.

అద్దాల గోడ: వెలుతురు కోసమా, ఎలివేషన్ కోసమా

హైటెక్ సిటీ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు వెళ్లే ఎవరికైనా వచ్చే సందేహం ఇది. రెండు పదాలు తెలిస్తే చాలు. అద్దం గుండా వెలుతురు ఎంత శాతం లోపలికి వస్తుందో చెప్పేది వీఎల్‌టీ. ఎండ వేడిలో ఎంత భాగం లోపలికి వస్తుందో చెప్పేది ఎస్‌హెచ్‌జీసీ, సున్నాకీ ఒకటికీ మధ్య అంకె. మామూలు పారదర్శకమైన ఒంటి అద్దానికి ఇది 0.8 ప్రాంతంలో ఉంటుంది, ఎండ వేడిని ఆపే పూత ఉన్న మంచి అద్దానికి 0.25 ప్రాంతంలో.

పడమర వైపు పది చదరపు మీటర్ల అద్దం, దాని మీద సాయంత్రం చదరపు మీటరుకి 600 వాట్ల ఎండ పడుతోందనుకుందాం. మామూలు అద్దమైతే 600 × 10 × 0.8, అంటే 4,800 వాట్లు లోపలికి. ఒక టన్ను ఏసీ తీసేసే వేడి సుమారు 3,500 వాట్లు కాబట్టి ఆ ఒక్క అద్దానికే 1.4 టన్నుల ఏసీ పోతుంది. పూత అద్దమైతే 1,500 వాట్లు, అర టన్ను కంటే తక్కువ. తేడా పెద్దదే, కాదనలేం. కానీ ఆ పూత వెలుతురునీ కొంత ఆపుతుంది, బయటి ప్రపంచం కాస్త నీలంగానో బూడిదగానో కనిపిస్తుంది, గ్లేర్ పూర్తిగా పోదు. సాయంత్రం నాలుగింటికి కంప్యూటర్ స్క్రీన్ కనిపించక ఎవరో ఒకరు బ్లైండ్ దించుతారు, లైట్లు వెలుగుతాయి, మర్నాడు పొద్దున ఎండ లేనప్పుడు కూడా ఆ బ్లైండ్ ఎవరూ ఎత్తరు. కొత్త అద్దం తెచ్చిన లాభం అలా పోతుంది.

అద్దాన్ని సమర్థించేవాళ్లు చెప్పేదాంట్లోనూ పస ఉంది. ఆఫీసు అంతస్తులు ఇప్పుడు చాలా లోతుగా ఉంటున్నాయి. కిటికీ పై అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుందో దానికి రెండు రెట్ల దూరం దాకానే పగటి వెలుతురు పనికొస్తుందని ఆర్కిటెక్టుల వాడుక లెక్క, కాబట్టి పైకప్పు దాకా అద్దం ఉంటే ఇంకొంచెం లోపలికి వెళుతుంది. బయటి ఆకాశం, చెట్లు కనిపించడం పనిచేసేవాళ్లకి ఇష్టం. కట్టడం కూడా తొందరగా అవుతుంది. కాకపోతే ఈ వాదనలో నడుము కింద అద్దానికి చోటు లేదు, బల్ల కిందికి వచ్చే వెలుతురుతో ఎవరికీ పని లేదు, వేడి మాత్రం అక్కడి నుంచీ వస్తుంది. మన ఇంధన పొదుపు కోడ్, అంటే ఈసీబీసీ, 2017 నాటి నిబంధనల్లో గోడలో కిటికీల వాటా 40 శాతానికి మించకుండా ఉండాలని చెప్పడం వెనక ఉన్నది ఈ ఆలోచనే. అంతకు మించి కావాలంటే మొత్తం కరెంటు ఖర్చు పెరగదని లెక్కతో చూపించాలి.

అద్దమే లేకుండా వెలుతురు తెచ్చిన కట్టడం ఒకటి ఉంది, దాని పేరు వింటే మనవాళ్లు చెవులు రిక్కిస్తారు. పుదుచ్చేరి శ్రీ అరవిందాశ్రమంలో గోల్కొండ్ అనే వసతి భవనం. హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ఇచ్చిన విరాళంతో మొదలైంది కాబట్టి ఆ పేరు. ఆంటోనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్టు 1930ల్లో గీసిన డిజైను. పొడవాటి గోడలు ఉత్తర దక్షిణాలకి, ఆ గోడల నిండా తిప్పుకోగలిగే అడ్డ రెక్కలు. రెక్కలు తిప్పితే గాలి వస్తుంది, ఆకాశపు వెలుతురు రెక్క మీద పడి లోపలికి వస్తుంది, ఎండ రాదు. హైదరాబాద్‌లోనే 1960ల్లో చార్లెస్ కొరియా గీసిన ఈసీఐఎల్ కార్యాలయ భవనం కూడా ఎండని ముందే ఆపి వెలుతురును రానిచ్చే పద్ధతిదే.

ఫ్లాటులో డక్ట్ వైపు గది

ఎక్కువమంది ఉండేది ఇలాంటి గొప్ప కట్టడాల్లో కాదు, ఓటీఎస్ డక్ట్, అంటే భవనం మధ్యలో ఆకాశానికి తెరిచి వదిలే ఇరుకు సందు, దాని వైపు కిటికీ ఉన్న వంటగదుల్లో. అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో అయిదడుగుల వెడల్పు డక్ట్ అనుకోండి. ప్లాన్‌లో కిటికీ ఉంది, కోడ్ అడిగిన చదరపు అడుగులూ ఉన్నాయి. కానీ పొయ్యి దగ్గర నిలబడి కిటికీలోంచి చూస్తే ఆకాశం ముక్క కూడా కనిపించకపోతే ఆ కిటికీ వెలుతురు లెక్కలో దాదాపు లేనట్టే, ఎందుకంటే అక్కడికి వచ్చేదంతా గోడల మీద పడి దూకి వచ్చినదే. ఆ దూకుళ్లలో రంగు పని చేస్తుంది. తెల్ల సున్నం వేసిన గోడ తన మీద పడిన వెలుతురులో 80 శాతం దాకా తిరిగి ఇస్తుంది, రంగు వేయని సిమెంటు గోడ 40 శాతం లోపే. రెండుసార్లు దూకితే 0.8 × 0.8, అంటే 64 శాతం మిగులుతుంది. సిమెంటు గోడలో 0.4 × 0.4, అంటే 16. నాలుగు రెట్ల తేడా, పది దూకుళ్ల దాకా పోతే ఇక చెప్పక్కర్లేదు. బిల్డర్లు ముందు ఎలివేషన్‌కి మూడు రంగులు వేసి డక్ట్ లోపల పైపులతో పాటు సిమెంటు అలాగే వదిలేస్తారు.

వాస్తు మాట కూడా ఇక్కడే. తూర్పు, ఉత్తరం తెరిపిగా, పడమర, దక్షిణం బరువుగా ఉండాలన్నది ఎండ లెక్కకి చాలావరకు దగ్గరగానే ఉంది, పొద్దుటి ఎండ మేలు, సాయంత్రపు ఎండ బాధ. దక్షిణం విషయంలో మాత్రం పొసగదు, పైన చూసినట్టు దక్షిణం కిటికీకి నీడ పట్టడం అన్నిటికంటే తేలిక. ఈశాన్యంలోనే పక్కవాడి అయిదంతస్తులు లేచి ఉంటే ఆ తెరిపి పుస్తకంలో ఉన్న తెరిపి కాదు. నమ్మేవాళ్లు నమ్మొచ్చు, ఆకాశం కనిపిస్తుందో లేదో మాత్రం ఒకసారి నిలబడి చూసుకోవాలి.

రాత్రి వెలుతురు: తెలుపా, పసుపా

బల్బు డబ్బా మీద 3000కే, 6500కే అని ఉంటుంది. అది రంగు ఛాయని చెప్పే కెల్విన్ అంకె, తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం కలిసిన తెలుపు. మన ఇళ్లలో తెలుపుకే ఓటు, పసుపు వేస్తే "హోటల్ లాగా ఉంది" అంటారు. తక్కువ వెలుతురులో పసుపు ఛాయ, ఎక్కువ వెలుతురులో తెలుపు హాయి అని 1941లో క్రూథాఫ్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు ఒక గీత గీశాడు, లైటింగ్ డిజైనర్లు ఇప్పటికీ అదే చెబుతారు. తర్వాతి ప్రయోగాల్లో అది అంత గట్టిగా నిలబడలేదు. కాబట్టి తెలుపు ఇష్టపడేవాళ్లని రుచి తెలియనివాళ్లుగా చూడక్కర్లేదు.

తేడా తెచ్చేది ఇంకొకటుంది. చీరల షాపులో చీర తీసుకుని గుమ్మం దాకా వచ్చి పగటి వెలుతురులో రంగు చూసుకోవడం మనకు అలవాటు. లోపలి లైటులో కొన్ని రంగులు సరిగ్గా లేకపోవడమే దానికి కారణం, దాన్ని చెప్పేది సీఆర్ఐ అనే అంకె. 80 అయితే పర్లేదు, 90 దాటితే ముఖాలు, కూరలు, బట్టలు వాటి రంగులో కనిపిస్తాయి. కెల్విన్ గురించి ఇంట్లో గొడవపడేవాళ్లు దీన్ని ఎవరూ చూడరు.

మోతాదు లెక్క కూడా సులువే. బల్బు ఇచ్చే మొత్తం వెలుతురుకి కొలత ల్యూమెన్, చదరపు మీటరుకి ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ సుమారు 900 ల్యూమెన్లు ఇస్తుంది, గోడలూ కప్పూ తినేయగా సగం పనికొస్తుందనుకుంటే 450. 120 చదరపు అడుగుల గది అంటే 11 చదరపు మీటర్లు. 450ని 11తో భాగిస్తే 40 లక్స్. పడుకోవడానికి చాలు, చదువుకోవడానికి చాలదు. కానీ దానికి మందు కప్పు నిండా డౌన్‌లైట్లు కాదు, చదివే చోట ఒక టేబుల్ ల్యాంప్. రిచర్డ్ కెల్లీ, కింబెల్ మ్యూజియంకి లైటింగ్ చూసినాయనే, వెలుతురుని మూడుగా విడదీశాడు, చుట్టూ పరుచుకునేది, ఒకచోట గురిపెట్టేది, ఊరికే కంటికి ఇంపుగా మెరిసేది. మన ఫాల్స్ సీలింగ్‌లలో మొదటిదే నాలుగు పొరలుగా ఉంటుంది, రెండోది ఉండదు.

ఆరోగ్యం గురించి చెప్పేవన్నీ నిజమేనా

కొంత నిజం. కంట్లో చూపుతో నేరుగా పని లేకుండా, పగలా రాత్రా అన్నది మెదడుకి చెప్పే కణాలు ఉన్నాయని 2002 ప్రాంతంలో తేలింది, పొద్దుటి వెలుతురు నిద్రని గాడిలో పెడుతుందన్నది గట్టి మాటే. అక్కడి నుంచి "కిటికీ పెద్దదైతే మార్కులు పెరుగుతాయి" దాకా వెళ్లడంలో జాగ్రత్త కావాలి. 1999లో అమెరికాలో పాఠశాలల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనంలో ఎక్కువ పగటి వెలుతురు ఉన్న తరగతుల పిల్లలు లెక్కల్లో 20 శాతం, చదవడంలో 26 శాతం వేగంగా ముందుకెళ్లారని వచ్చింది, ఇప్పటికీ బ్రోషర్లలో ఆ అంకెలే కనిపిస్తాయి. అదే బృందం 2003లో ఇంకో ఊళ్లో చూస్తే ఆ ఫలితం రాలేదు, బయటి దృశ్యం మేలు చేసింది, గ్లేర్ కీడు చేసింది. ఈ రెండో దాన్ని బ్రోషర్లు చెప్పవు. అలాగే 1984లో వచ్చిన ప్రసిద్ధమైన ఆసుపత్రి అధ్యయనంలో త్వరగా కోలుకున్నది కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు, ఇటుక గోడ కనిపించినవాళ్లు కాదు. కిటికీలు ఇద్దరికీ ఉన్నాయి.

పక్క ప్లాటు లేస్తే

ఇవన్నీ సరిచూసుకుని కట్టుకున్నా, వెలుతురు వచ్చేది పక్కవాడి స్థలం మీదుగా. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం, అంటే పక్కవాడి స్థలం మీద మనకుండే వాడుక హక్కుల చట్టం, మద్రాసు ప్రెసిడెన్సీలో మొదటి నుంచీ అమల్లో ఉన్నది, 20 ఏళ్లు ఆటంకం లేకుండా ఒక కిటికీకి వెలుతురు వస్తుంటే దాన్ని హక్కుగా అడగొచ్చంటుంది. అయితే పక్కన గోడ లేవగానే గెలిచేసినట్టు కాదు. వెలుతురు ఎంత తగ్గిందో కాదు, మిగిలిన వెలుతురులో ఇంట్లోవాళ్ల శరీర సౌఖ్యానికి చెప్పుకోదగ్గ ఇబ్బంది కలిగిందా, అలవాటైన పని చేసుకోలేకపోతున్నారా అన్నది 33వ సెక్షన్ అడుగుతుంది. ఆ సెక్షన్‌లో లక్స్ అంకె ఒక్కటీ లేదు.